వంద రూపాయలకో రోజు

తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన బీరువాలో రెండు రకాల ఫైళ్ళుండేవి. చెదలు తినేసినవి, చెదల కంట ఇంకా పడనివి. ఎం.కామ్. చదివినవాణ్ణని వసూళ్ళ సీటు నాకిచ్చేరు. అది జనం అనుకునేంత భయంకరమైన సీటేం కాదు. ప్రభుత్వానికి ఎవరో బాకీ పడతారు. మనం నోటీసు పంపుతాం. వాళ్ళు చదువుకుంటారు. తర్వాత ఇద్దరం మరిచిపోతాం.

ఆ సీట్లో ఉండగా కోర్టు నించి ఒక వారంటు వచ్చింది. జరిమానా కట్టని ఖైదీ ఆస్తిని భూమిశిస్తు బకాయిలాగే జప్తు చేసి, వేలం వేసి, డబ్బు పంపమని కోర్టువాళ్ళు కలెక్టరుకి రాస్తారు. కలెక్టరాఫీసు వాళ్ళు మా తహసీల్దారు గారికి రాస్తారు. ఆయన దాని మీద 'చర్య నిమిత్తం' అని రాసి నా బల్ల మీద పెడతారు. అక్కడితో రాసేవాళ్ళు అయిపోతారు, చేసేవాడు మిగులుతాడు.

బాకీదారుది మా మండలంలోనే, గోదావరి పాయకి అవతలున్న లంక ఊరు. ఇసుక ర్యాంపు దగ్గర మాటా మాటా పెరిగి, సొంత ఊరివాణ్ణే పడవ తెడ్డుతో కొట్టేడు. దెబ్బ తిన్నవాడి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. అతుక్కోవడమైతే అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కొట్టినవాడికి రెండేళ్ళు జైలు, పద్దెనిమిది వేలు జరిమానా, జరిమానా కట్టకపోతే ఇంకో ఆర్నెల్లు. వసూలైన జరిమానాలోంచి పదివేలు చెయ్యి విరిగినవాడికివ్వాలని కూడా తీర్పులో ఉంది. రెండేళ్ళూ అయిపోయేయి. డబ్బు కట్టలేదు కాబట్టి ఆర్నెల్లు మొదలయ్యేయి. వారంటు నా దగ్గరికి వచ్చేసరికి అందులో పాతిక రోజులు గడిచేయి.

నాకు ఒక సందేహం వచ్చింది. ఉద్యోగంలో నాకు సందేహాలు తక్కువ. పద్దెనిమిది వేలూ రాలేదనుకోండి, ఏ మూడు వేలో వస్తాయి. అప్పుడు ఆ మనిషికి ఒరిగేదేమిటి? బీరువా అడుగున శిక్షాస్మృతి పుస్తకం ఒకటుంది. దొరల కాలంలో రాసింది. మొదట్లో కొన్ని పేజీలూ, చివర్లో కొన్ని పేజీలూ చెదల పాలయ్యేయి గానీ నాకు కావలసిన సెక్షన్ మిగిలింది. నాలుగుసార్లు చదివేను. దాని సారాంశం ఇది. జరిమానాలో ఎంత వసూలైతే శిక్షలో అంత తగ్గుతుంది. పూర్తిగా కట్టక్కర్లేదు. కట్టకుండా మిగిలిన డబ్బుకి సరిపడా రోజులు జైల్లో గడిచి ఉంటే చాలు, ఆ నిమిషాన వదిలిపెట్టాలి. అతనే కట్టాలనీ లేదు, జప్తు చేసి రాబట్టినా ఒకటే. కొత్త చట్టంలో కూడా చూసేను. నంబరు మారింది, లెక్క మారలేదు.

కాయితం మీద వేసి చూస్తే, పద్దెనిమిది వేలకి నూట ఎనభై రోజులు. అంటే వంద రూపాయలకి ఒక రోజు.

నేను ఎం.కామ్.లో చాలా లెక్కలు చేసేను. తరుగుదల లెక్కగట్టేను, గుడ్‌విల్లుకి వెల కట్టేను. ఒక మనిషి పొద్దున్న లేచి రాత్రి పడుకునేదాకా ఉండే రోజుకి ధర ఉంటుందనీ, అది నా చేతిలో ఉన్న వారంటు లోంచి భాగహారంతో వస్తుందనీ ఏ మాస్టారూ చెప్పలేదు. ఆ పూట కేరియర్ విప్పలేదు.

*

జప్తుకి నేనూ, ఆ ఊరి వీఆర్వో మేడం గారూ కలిసి వెళ్ళేం. ఆవిడ యాభై దాటిన మనిషి, అదే ఊళ్ళో పుట్టి, అదే ఊరి శిస్తులు రాస్తున్నారు. పడవలో నన్ను మధ్య బల్ల మీద కూర్చోబెట్టి, "కదలకండి సార్, మీరు పడితే మళ్ళీ రిపోర్టు నేనే రాయాలి" అన్నారు.

జప్తుకి వెళ్ళినప్పుడు జరిగేది నాకు తెలుసు. మనం రేవు దిగేసరికే కబురు అందుతుంది. ఇంట్లో ఉన్న టీవీ పక్కింట్లోకి నడుస్తుంది. మిక్సీ ఆడపడుచుదైపోతుంది. గేదె మేనమామదైపోతుంది. మనం వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఒక చాపా, దాని మీద ఒక ముసలాయనా మిగులుతారు.

ఇక్కడ ఎదురైంది బాకీదారు తల్లి. చిన్న మనిషి, తెల్ల చీర. మమ్మల్ని చూసి మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, వీఆర్వో గారిని అడిగింది.

"సామాను రాసుకుంటే అబ్బాయిని వదులుతారంట కదండీ?"

"ఎంతొస్తే అన్ని రోజులు ముందు వదులుతారు, మామ్మా. సారు లెక్క చూసేరు. వందకి ఒక రోజు."

ఆవిడ లోపలికెళ్ళి సామాను బయట పెట్టడం మొదలుపెట్టింది. చైను లేని సైకిలు. టేబుల్ ఫ్యాను. కొడుకు జైలుకెళ్ళకముందు చేయించుకున్న చెక్క కుర్చీ. దొడ్లో కొడుకు పాతిన చెట్ల కొబ్బరికాయలు ఒక యాభై. బుట్ట కింద మూసిన నల్ల పెట్ట. నేను రాస్తూనే ఉన్నాను. అన్నీ అబ్బాయివేనంటూ ఆవిడ తెస్తూనే ఉంది. నా సర్వీసులో జప్తు జాబితా ఇంటివాళ్ళే పెంచడం అదే మొదలు.

"బాబుగారండీ, అన్నం గిన్నె రాయలేదు."

"వంటపాత్రలు జప్తు చెయ్యకూడదు, మామ్మగారూ."

"పోనీ, కొడవలి?"

"పనిముట్లు కూడా కూడదండీ."

ఆవిడ చెవులకున్న దుద్దుల మీద చెయ్యి వేసింది. "ఇవండీ? పాతిక రోజులైనా రావా?"

"అవి మీవి. బాకీ ఆయనది. మీ సొమ్ము ముట్టుకోడానికి నాకు అధికారం లేదు."

"నేను వాడి తల్లినే కదా బాబూ."

"చట్టానికి ఆ సంగతి తెలీదండీ" అన్నాను. హాస్యానికే అన్నాను. ఎవరూ నవ్వలేదు, నాతో సహా.

వెళ్ళేముందు మరో ప్రశ్న అడగాల్సొచ్చింది. బాకీదారుకి వేరే రాబడి ఏమైనా ఉందా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. ఆవిడ బైబిల్లోంచి మనియార్డరు చీటీలు తీసి చూపించింది. కొడుకు జైల్లో వడ్రంగం పని చేస్తున్నాడు. రోజు కూలి అతని ఖాతాలో పడుతుంది. రెండు మూడు నెలలకోసారి అందులోంచి తల్లికి పంపుతున్నాడు. రెండేళ్ళుగా ఆవిడ బియ్యం, మాత్రలు ఆ డబ్బుతోనే.

"ఇక్కడున్నప్పుడు ఇంత నికరంగా ఇచ్చేవాడు కాదండీ" అంది. ఫిర్యాదో మెప్పో నాకు తెలీలేదు. గడిలో 'ఏమీ లేదు' అని రాసేను.

మొత్తం సామానుకి నేను కట్టిన విలువ మూడు వేల ఒక వంద. ముప్ఫై ఒక్క రోజులు.

*

వేలం గురువారం పొద్దున పదకొండింటికి, గ్రామ సచివాలయం ముందర. చాటింపు వెయ్యాలని రూలు. వీఆర్వో గారు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేరు. చర్చి మైకులో కూడా చెప్పించేరు. చాటింపులో సరుకుల జాబితా చాలు. ఆవిడ వందకి ఒక రోజు లెక్క కూడా చెప్పించేరు. అది రూల్లో లేదు. ఉండకూడదని కూడా లేదు.

ఆ రోజుకి ఆర్నెల్లలో నలభై రోజులు గడిచేయి. నూట నలభై మిగిలేయి. అంటే పద్నాలుగు వేలు వస్తే మనిషి బయటపడతాడు. మూడు వేలొస్తే గొప్పనుకున్నాను నేను. పదిమంది వస్తే ఎక్కువని కూడా అనుకున్నాను. నూట యాభై మంది దాకా వచ్చేరు. కొందరు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

నేను లేచి ప్రకటన చదవడం మొదలుపెట్టేను. రెండో వాక్యంలో చర్చి సంఘపెద్ద గారు ముందుకొచ్చేరు. రిటైరైన హెడ్మాస్టరు, పొడుగ్గా ఉంటారు.

"ఏమనుకోకండి సార్ గారండీ, మీ గొంతు వెనకాలదాకా రావట్లేదు. నేను పాడించనా? ఏటా చేసే పనే."

వేలం ఎవరు అరిచినా డబ్బు నాకే ఇస్తారు కదా అని ఒప్పుకున్నాను. నేను చేసిన పొరపాటో, మంచి పనో, అదే.

ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డారు. "ఈ సైకిలుకి చైను లేదు. కాబట్టి కొన్నవాళ్ళు తొందరపడక్కర్లేదు. ప్రభుత్వం వారి పాట ఆరు వందలు."

"ఏడు వందలు" అన్నారెవరో.

"ఏడు వందలంటే ఏడు రోజులు" అన్నారు సంఘపెద్ద, హెడ్మాస్టరు అలవాటుకొద్దీ.

వెనక నించి ఒక ఆడమనిషి గొంతు. "పది రోజులు."

అంతే, అక్కణ్ణించి ఆ ప్రాంగణంలో రూపాయి అనే మాట వినపడలేదు. పన్నెండు రోజులన్నారు. పదమూడు అన్నారు. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే కుర్రాడొకడు పదిహేను రోజులన్నాడు. పాట అక్కడ ఆగింది. అతను వచ్చి మూడు ఐదొందల నోట్లు నా బల్ల మీద పెట్టేడు. నేను రసీదు రాసిచ్చేను. అతను రసీదు జేబులో పెట్టుకుని, సైకిల్ని తీసుకెళ్ళి మళ్ళీ సంఘపెద్ద గారి పక్కనే స్టాండేసి, వెళ్ళి కూర్చున్నాడు.

"బాబూ, సైకిలు తీసుకెళ్ళు" అన్నాను.

"ఇచ్చేసేనండీ."

"ఎవరికి?"

అతను నా వైపు జాలిగా చూసేడు. "పాటకేనండీ."

సంఘపెద్ద గారు అప్పటికే మొదలుపెట్టేరు. "ఈ సైకిలు మళ్ళీ వచ్చింది. ఎంత?"

నేను వీఆర్వో గారి వైపు తిరిగేను. ఆవిడ చీర కొంగుతో నోరు మూసుకుని ఉన్నారు. కాసేపటికి తేరుకుని చెప్పేరు. వాళ్ళ చర్చిలో కోతల పండక్కి ప్రతి ఇంటి నించీ ఏదో ఒకటి తెస్తారు. బియ్యం, గుమ్మడికాయ, కోడి, అరటి గెల. ఆరాధనయ్యాక వేలం. పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువు మళ్ళీ బల్ల మీద పెట్టేస్తాడు. అది మళ్ళీ పాటకొస్తుంది. ఒక గుమ్మడికాయ ఏడుసార్లు అమ్ముడైన ఏడాది కూడా ఉందట. వస్తువుని ఇంటికి పట్టుకుపోవడం మర్యాద కాదు.

"వీళ్ళకి వేలం అంటే ఇదొక్కటే తెలుసు సార్. మేం చెప్పినా వేరేలా పాడలేరు."

నా ముందున్న ఫారంలో ఆరు గడులున్నాయి. వస్తువు, వర్ణన, కొనుగోలుదారు, ధర, రసీదు నంబరు, రిమార్కులు. ఒకే వస్తువు రెండుసార్లు అమ్ముడైతే ఏం చెయ్యాలో ఏ గడిలోనూ లేదు. ఆపేద్దామా అనుకున్నాను. ఆ తల్లి సచివాలయం మెట్టు మీద కూర్చుని, ఒక్కో పాటకీ వేళ్ళ కణుపుల మీద రోజులు లెక్కపెడుతోంది.

చివరికి రిమార్కుల గడిలో ఇలా రాసేను. 'కొనుగోలుదారు సదరు సైకిలును బాకీదారునికే బహుమతిగా ఇచ్చినందున, అది తిరిగి బాకీదారుని ఆస్తి అయినందున, తిరిగి జప్తు చేసి తిరిగి వేలం వేయడమైనది.' మళ్ళీ చదువుకున్నాను. చట్టరీత్యా లోపం కనపడలేదు. ఇవాళ్టికీ కనపడలేదు. మళ్ళీ జప్తుకి మళ్ళీ గడువివ్వాలి కదా అని ఒకరిద్దరు స్నేహితులు తర్వాత అడిగేరు. ఆడిట్ వాళ్ళడిగితే చెబుదామనుకున్నాను. వాళ్ళు అడగలేదు.

సైకిలు నాలుగుసార్లు అమ్మేం. ఫ్యాను అంతకు తక్కువేం తినలేదు. కుర్చీని పాడుకున్న ఒకాయన దాన్ని తిరిగిచ్చేముందు కాసేపు అందులో కూర్చున్నాడు. "ఆరు రోజులు పెట్టేను, ఆరు నిమిషాలైనా కూర్చోనివ్వండి" అన్నాడు. కొబ్బరికాయల రాశి ఒక అంగుళం కదలకుండా ముగ్గురి సొంతమైంది. వీఆర్వో గారు నా దగ్గరికొచ్చి, "నేను పాడొచ్చా సార్?" అని అడిగేరు. వేలం వేసే ఉద్యోగులు పాడకూడదు. ఆ మాటే చెప్పేను. "అయితే మా ఆయన పాడతారు" అన్నారు. ఆయన రెండు రోజులు పాడేరు.

అప్పుడు పెట్ట పాటకొచ్చింది.

"ఆరు రోజులు" అన్నారెవరో రోడ్డు వైపు నించి.

అందరూ అటు తిరిగేరు. కల్వర్టు మీద కూర్చున్న మనిషి లేచి వస్తున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర బయటికి తిరిగి ఉంది. ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. ఆ పైన ఒక్కరూ పాడలేదు. సంఘపెద్ద గారు మూడుసార్లు కాస్త నెమ్మదిగా పలికేరు. అతను ఆరు వందలు లెక్కపెట్టి నాకిచ్చి, పెట్టని అందుకుని, ఆ వంకర చేతి సందులో ఇరికించుకున్నాడు. అందుకే అన్నట్టు సరిగ్గా సరిపోయింది.

సంఘపెద్ద గారు అలవాటుగా చెయ్యి చాపేరు. "తిరిగిస్తావా?"

"ఇవ్వనండీ. నా చెయ్యి తిరిగిచ్చేడా?"

ముందు వరసలో ఒక పెద్దాయన, "ఆయ్, న్యాయమే" అన్నాడు.

"ఒరేయ్ బావా, ఈ వసూళ్ళలో పదివేలు నీకే వస్తాయంట కదా" అన్నాడు దింపు తీసే కుర్రాడు.

"రానీ. నా డబ్బు నాకొస్తుంది. పైగా కోడి" అని అతను పెట్టతో సహా వెళ్ళిపోయేడు.

ఆ పెట్ట బజార్లో నాలుగు వందలు చెయ్యదు. అది బేరమా, పంతమా, ఇంకేదన్నానా అని నేను చాలాసార్లు ఆలోచించేను. రసీదు మీద మాత్రం 'ఒక కోడి' అని రాసేను.

ఫ్యాను, కుర్చీ మరోసారి తిరిగేసరికి నా దగ్గర పద్నాలుగు వేలు చేరేయి. కావలసిన సొమ్ము రాగానే వేలం ఆపెయ్యాలి. లేచి ఆ సంగతి చెప్పేను. జనంలో గొణుగుడు మొదలైంది. ఇంకా పాడనివాళ్ళున్నారు. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ బల్ల దాకా వచ్చి, వంద నోటు పెట్టేడు.

"నాది ఒక్క రోజు రాయండి."

"రోజులు అయిపోయేయండీ."

"ఒక్కటీ లేదా?"

"లేదండీ."

ఆయన నోటు మడిచి రొంటిన దోపుకున్నాడు. "ముందే చెప్పాల్సింది బాబూ. వెనకాల కూర్చోబెట్టేరు నన్ను" అన్నాడు. రైతుబజార్లో ఉల్లిపాయలు అయిపోయేయంటే పడే బాధ ఎంతో అంతే, ఆయన మొహంలో. నాకు మాత్రం కొంచెంసేపు ఏ కాయితం ఎక్కడ పెట్టానో తెలీలేదు.

*

బల్ల సర్దుతుంటే వీఆర్వో గారు అన్నారు.

"సార్, ఇవాళ గురువారం. ఎల్లుండి రెండో శనివారం. రేపు పని అవకపోతే సోమవారమే. పాడినవాటిలో నాలుగు రోజులు గంగలో కలుస్తాయి. అందులో రెండు మా ఆయనవి."

మామూలుగా ఇలాంటి డబ్బు మా ఆఫీసు నించి కోర్టుకి చేరడానికి మూడు వారాలు. కోర్టు నించి జైలుకి కబురు వెళ్ళడానికి ఇంకో వారం. ఎవరి తప్పూ లేదు, కాయితం నడక అంత. ఎన్నో ఫైళ్ళని అలా నడవనిచ్చినవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ మూడు వారాలూ చెమట పట్టిన ఇరవయ్యొక్క వంద నోట్లలా కనిపించేయి. ఒక్కోదాని వెనకా ఒక మొహం.

శుక్రవారం ఆఫీసు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. మా అటెండరు కంగారుపడి, "ఏమైందండీ, ఇంట్లో అంతా కులాసాయేనా?" అన్నాడు. తహసీల్దారు గారు వేలం రికార్డు మొదటి పేజీ చదివేరు. రెండో పేజీకి వెళ్ళి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చేరు.

"ఈ సైకిలు ఎన్నోసారి?"

"నాలుగోసారండీ."

"వేరే వేరే సైకిళ్ళు కావుగా?"

"ఒకటేనండీ. చైను లేదు."

ఆయన పెన్ను మూత తీసేరు. "మిగతా నాలుగు వేలో?"

"అవి ఆయన జైల్లో కూర్చుని కట్టేసేడండీ. నలభై రోజులు."

సంతకం పెట్టేరు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన ఏ ఫైలు మీదా నా ఎదురుగుండా అంత త్వరగా సంతకం పెట్టలేదు. బ్యాంకులో చలానా కట్టి, అమలాపురం కోర్టుకి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. కోర్టు గుమస్తా గారు వారంటు చూసి, చలానా చూసి, "దీని మీద డబ్బొచ్చిందా?" అని అడిగేరు. "మీ మండలం నించా?" అని కూడా అడిగేరు. రెండింటికీ ఆయ్ అన్నాను. రెండున్నరకి విడుదల ఉత్తర్వు నా చేతికొచ్చింది. సాయంత్రం ఖైదీల్ని లెక్కపెట్టి తాళాలు వేసేలోపల జైల్లో ఇవ్వాలి. తాళం పడితే మర్నాడే.

రావులపాలెం దాకా దారి ఎలా వెళ్ళిందో గుర్తులేదు. వంతెన మీద ఒక కొబ్బరి లారీ వెనక ఇరుక్కుని గోదావరిని తిట్టుకున్న సంగతి గుర్తుంది. పాపం, గోదావరి ఏం చేసింది. నాలుగున్నరకి సెంట్రల్ జైలు గేటు దగ్గర బండి ఆపేను.

ఖైదీల ఖాతాలు చూసే ఉద్యోగి నా కంటే చిన్నవాడు, నా కంటే నిదానస్తుడు. ఉత్తర్వు చదివి, వేళ్ళతో కాకుండా కాలిక్యులేటరుతో కాకుండా, కళ్ళు మూసుకుని లెక్కవేసేడు.

"ఇవాళ్టికి నలభై ఒకటి. సరిపోయిందండీ. ఒక రోజు ఎక్కువే ఉన్నాడు."

ఆ ఒక్క రోజు ఎవరు పాడిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అతన్ని తీసుకొచ్చేరు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, తల్లిలాగే చిన్న మనిషి. ఆ చేతులతో తెడ్డెత్తేడంటే నమ్మబుద్ధి కాలేదు. బల్ల మీద ఒక గుడ్డ సంచీ పెట్టేరు. మూతికి కుట్టు, దాని మీద చీటీ. లోపలికి వచ్చిన రోజున అతని ఒంటి మీద ఉన్నవన్నీ ఒక రిజిస్టరులో ఉన్నాయి. ఉద్యోగి ఒక్కోటీ చదువుతుంటే అతను ఒక్కోదానికీ ఆయ్ అంటున్నాడు. గళ్ళ చొక్కా ఒకటి. ఆయ్. ఫోను, పనిచేయనిది, ఒకటి. ఆయ్. వెండి మొలతాడు ఒకటి. ఆయ్. నగదు, పదిహేడు రూపాయలు.

పదిహేడు రూపాయలు బల్ల మీద పెట్టేరు.

మా ఆఫీసులో పొద్దున్న బల్ల మీద పెట్టిన పెన్ను మధ్యాహ్నానికి ఉండదు. ఇక్కడ దొంగతనాల మీద వచ్చిన వందల మంది మధ్య ఒకడి పదిహేడు రూపాయలు రెండేళ్ళ పైన చెక్కు చెదరలేదు. నేను లేచి నించున్నాను. ఎందుకు లేచానో తెలీక, కుర్చీ సర్దుకున్నట్టు మళ్ళీ కూర్చున్నాను.

తర్వాత కూలి ఖాతా తీసేరు. లోపల ఎవరి చేతిలోనూ నగదు ఉండదు. వచ్చే డబ్బూ పోయే డబ్బూ అంతా ఆ పుస్తకంలోనే. వడ్రంగం చేసిన ప్రతి రోజుకీ ఒక గీత. జ్వరం వచ్చిన రోజులకి గీత లేదు. క్యాంటీన్లో కొన్న సబ్బు, బీడీలు, పోస్టు కవర్లు. తల్లికి పంపిన మనియార్డర్లు. కోతలు పోను మిగిలింది ఎనిమిది వందల అరవై. మొదటి ఏడాది పోస్టు కవర్లు చాలా ఉన్నాయి. బీడీలు రెండో ఏడాది నించీ లేవు. ఆ మనిషి గురించి తీర్పు కాపీలో కంటే ఆ పుస్తకంలో ఎక్కువ ఉంది.

"దారి ఖర్చు ఇవ్వాలి" అన్నాడు ఉద్యోగి. "మీరు బండి మీద తీసుకెళ్తున్నారా?"

"ఆయ్."

"బండి మీద వెళ్ళేవాడికి బస్సు ఛార్జీ ఇవ్వొచ్చో లేదో రూల్లో లేదండీ." కాసేపు ఆలోచించి, బస్సు ఛార్జీ ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అతని మీద నాకు చాలా గౌరవం కలిగింది.

*

బయటికొచ్చేక అతను నన్ను ఒకటే అడిగేడు. "ఎవరు కట్టేరండీ?"

"కట్టలేదు. కొన్నారు" అన్నాను. తల తిప్పి చూసేడు.

జొన్నాడ దగ్గర టీకి ఆగేం. ఇంకా వెలుతురుంది. నా సంచీలో వేలం రికార్డు నకలు ఉంది. బాకీదారు అడిగితే చూపించాలని రూలు కూడా ఉంది. అతను అడగలేదు, నేనే తీసిచ్చేను. బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టేడు. పేరు, వస్తువు, ధర. ధర దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ రోజుల్లోకి మార్చుకుంటున్నాడు.

"ఈవిడ ఫ్యానుకి పది రోజులా? మా అమ్మతో ఈవిడకి మాటల్లేవండీ. గట్టు తగువు."

"ఆవిడే మొదట రోజుల్లో పాడింది" అన్నాను.

ఇంకా కిందికి వచ్చేడు. వేలు ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇతనూ వచ్చేడా?"

"వచ్చేడు. పెట్టని కొన్నాడు."

"తిరిగిచ్చేసేడా అండీ?"

"లేదు. పట్టుకెళ్ళిపోయేడు."

అతను కళ్ళు మూసుకుని ఊపిరి వదిలేడు. "బతికించేడు. అదీ ఇచ్చేసి ఉంటే ఊళ్ళోకి ఏ మొహంతో వెళ్ళేవాణ్ణండీ."

నేను టీ గ్లాసు అతని వైపు జరిపేను.

అతను చివరి వరస దాకా వెళ్ళేడు. అడుగున నా సంతకం, తహసీల్దారు గారి సంతకం, ఆఫీసు ముద్ర. అవి కూడా చదివేడు. రేవు దాటాక ఊళ్ళో మొదట వచ్చేది ఎవరిల్లు అని అడిగేను. గట్టు తగువు ఆవిడదేనట. ఆ తర్వాత దింపు తీసే కుర్రాడిది. ఆ తర్వాత వీఆర్వో గారిది. తల్లి దగ్గరికి చేరేలోపల ఎన్ని గుమ్మాలు దాటాలో లెక్కపెట్టుకుంటున్నాడని అర్థమైంది.

"ప్రతి చోటా ఆగాలండీ" అన్నాడు. "ఏమనాలో తెలీట్లేదు."

"నాకూ తెలీదు" అన్నాను. "పేర్లు తప్పు పలక్కుండా ఉంటే చాలనుకుంటాను."

అతను కాయితం మళ్ళీ తన వైపు తిప్పుకుని, మొదటి పేరు దగ్గర్నించి మొదలుపెట్టేడు. ఈసారి పైకి చదువుతున్నాడు, ఇంటిపేర్లతో సహా. గ్లాసుల్లో టీ చల్లారిపోయింది. నేను ఇంకో రెండు చెప్పేను.